పాత పిస్తోలుకు కొత్త పూత వేయించకండి

"అమెరికాలో స్థిరపడ్డాను. అరుదైన పాత సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లు సేకరించాలని ఉంది. ఏ మోడల్‌తో మొదలుపెట్టాలి?" అని అడిగారు. మోడల్ సంగతి చివర్లో చెబుతాను. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది: ఏది కొన్నా ఫ్యాక్టరీలో వేసిన దాని అసలు పూత మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. కొత్త పూత పడిన పిస్తోలు విలువ సగానికి పడిపోతుందని నా లెక్క. డబ్బు సంగతి అటుంచినా, దాని చరిత్ర చెరిగిపోతుంది.

ఓక్లహోమాలోని తుల్సాలో జరిగే తుపాకుల ప్రదర్శనలో ఒక పెద్దాయనను కలిశాను. ఆయన బల్ల మీద జర్మన్ సైన్యం వాడిన లూగర్ పి08 పిస్తోలు ఒకటి ఉంది. తూటా కూర్చునే గది మీద 1917 అని చెక్కి ఉంది. గొట్టం చివర నలుపు అరిగి బూడిదరంగు తేలింది. 1945లో వాళ్ల నాన్న జర్మనీ నుంచి తెచ్చుకున్నాడట. తోలు ఒరలో నాలుగు మడతలు పెట్టిన కాగితం కూడా ఉంది. సైనికుడు ఆ ఆయుధాన్ని ఇంటికి తీసుకెళ్లవచ్చని పై అధికారి సంతకం చేసిచ్చిన పత్రం అది. అడిగి భాగాలు విప్పి చూశాను. సీరియల్ నంబరులోని చివరి రెండు అంకెలు చిన్న చిన్న భాగాలన్నిటి మీదా ఒక్కటే. చెక్క అడుగున్న మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు) రెండు, రెండింటి మీదా అదే నంబరు, అదనపు దాని మీద కూడిక గుర్తు! రెండూ కలిసి మిగలడం ఎంత అపురూపమో సేకర్తలకు తెలుసు.

ఆయన మాత్రం, "దీనికి నికెల్ పూత వేయించి అమ్మమని మనవడు చెబుతున్నాడు" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. పక్క బల్ల మీద కొత్త పూత వేసిన, అద్దంలా మెరిసే లూగర్ ఉంటే ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి చూపించాను. అసలైన వాటిలో ట్రిగ్గరూ సేఫ్టీ మీటా ఎండుగడ్డి రంగులో ఉంటాయి. ఆ మెరిసేదానిలో అవి కూడా నల్లగా ఉన్నాయి. అంచులు మొద్దుబారాయి, చెక్కిన అక్షరాలు అలుక్కుపోయాయి. పాతకాలపు కంచు విగ్రహాన్ని చింతపండు పెట్టి తోమినట్టు ఉంది. పెద్దాయన రెండింటినీ మార్చి మార్చి చూసి, ఇక అమ్మనని తనది ఒరలో పెట్టేసుకున్నాడు. అది నాకు దక్కలేదు గానీ బతికిపోయింది. అంతకంటే ఏం కావాలి!

మన దగ్గర పరిస్థితి ఇంకా బాధాకరం. గోదావరి జిల్లాలోని మా బంధువుల ఇంట్లో తాతగారి వెబ్లీ అండ్ స్కాట్ .32 పిస్తోలు (.32 అంటే తూటా కొలత) ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించాలి కదా. తిరిగొచ్చిన ప్రతిసారీ కొత్త తుప్పు తెచ్చుకునేది. చివరికి ఎవరో గరుకు కాగితంతో రుద్దేశారు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒకరి పేరిట మూడు తుపాకులు కాదు, రెండే ఉండాలన్నారు. మూడోది అప్పగించాలి. ఇలాంటి పాత ఆయుధాలను మ్యూజియాలు అడిగి తీసుకోవాలి, మూలన పడేయకూడదు.

అమెరికాలో చట్టం సంగతి కూడా చూసుకోండి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ నేరం. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే మొదలుపెట్టాను. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవే ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన ఆయుధాలు. అంటే సెమీ ఆటోమేటిక్‌లలో బోర్‌కార్ట్ సి93, తొలి మౌజర్ సి96 లాంటి జర్మన్ పిస్తోళ్లు కొన్నే. లూగర్ ఆ జాబితాలోకి రాదు. 50 ఏళ్లు దాటిన వాటి కోసం సేకర్తల లైసెన్సు ఉంది, మూడేళ్లకు 30 డాలర్లు. అక్కడ కూడా ఆయుధం అసలు రూపంలోనే ఉండాలి. రాష్ట్ర చట్టాలు వేరే ఉంటాయి.

ఇక మోడల్. బోర్‌కార్ట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొత్తం తయారైనవే 3,000 దాకా, ధరలు భయంకరం. మౌజర్ సి96 అందరికీ మోజే. బొంబాయిలో దిగుతూ భుజం కీలు తప్పించుకున్న చర్చిల్, 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో కత్తి తిప్పలేక దాన్నే పట్టుకున్నాడు. కానీ పిడి మీద ఎర్ర 9 చెక్కిన మొదటి ప్రపంచ యుద్ధపు రకానికి నకిలీ పిడులు కొల్లలుగా ఉన్నాయి. కొత్తవాళ్లు మోసపోతారు.

కోల్ట్ 1903 పాకెట్ పిస్తోలుతో మొదలుపెట్టండి. పేరున్న అమెరికన్ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, .32లోనే 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అరుదు కాదు కాబట్టే పదుల సంఖ్యలో చేతిలోకి తీసుకుని అసలు పూతను గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. కొన్నాక సీరియల్ నంబరుతో కోల్ట్ సంస్థకు రుసుము కట్టి రాయండి. ఆ పిస్తోలు ఏ రోజున, ఎవరికి, ఏ పూతతో పంపారో పాత రికార్డులు చూసి ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరాన్ని, చేతిలోని పిస్తోలును పక్కపక్కన పెట్టి చూసుకునే వరకు రెండోది కొనకండి.