చెరువు కోసం లేవాలంటే ముందు మత్తడి చూడండి

ప్రశ్న: మాది తెలంగాణలో ఓ చిన్న ఊరు. డిగ్రీ చదువుతున్నాను, వయసు 20. అసలే వానలు గతి తప్పుతుంటే, ఉన్న ఒక్క చెరువులో లేఅవుట్ కోసం మట్టి పోస్తున్నారు. గ్రామసభలో లేచి అడిగితే ‘చిన్నపిల్లవు, కూర్చో’ అన్నారు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ఊరి ఓటర్ల జాబితాలో పేరుంటే మీరు గ్రామసభ సభ్యురాలే. కూర్చోమనే హక్కు ఎవరికీ లేదు. చదువు కోసం ఓటును పట్నానికి మార్చుకుని, ఇప్పుడు ఊళ్లోనే ఉంటుంటే మాత్రం ముందు ఫారం 8తో దాన్ని వెనక్కి తెచ్చుకోండి.

‘అది సర్కారు భూమి’ అని తొందరపడి అరవకండి. కుర్ర ఉద్యమాలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూముల్లో, పట్టా ఉన్నవీ ఉంటాయి. అవతలివాళ్లు పాసుపుస్తకం చూపించగానే మీ మాట తేలిపోతుంది. పట్టా ఉన్నా నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు గానీ, మట్టి పోసి పూడ్చకూడదు. మీ వాదన అక్కడ నిలబడాలి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలు, గ్రామ నక్షా (పటం) దగ్గర పెట్టుకోండి.

తర్వాత మత్తడి, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లి బయటికి పోయే కట్టడం, దగ్గరికి వెళ్లండి. నీళ్లు మత్తడి అంచుదాకా వచ్చినప్పుడు ఎంతమేర పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం). రాత్రికి రాత్రి మత్తడికి గండి కొడితే నీటిమట్టం దిగుతుంది, ఒడ్డున ‘ఖాళీ జాగా’ పుడుతుంది. పాత ఎత్తు తెలిపే గుర్తులు, పగిలిన రాళ్లు తేదీ, లొకేషన్ పడేలా ఫొటో తీయండి. వానకు ముందు, తర్వాత ఒకే చోట నిలబడి తీస్తే తేడా తెలుస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తులో ‘ఎందుకు అనుమతిచ్చారు?’ అని రాయొద్దు. కాగితాలు అడగండి: లేఅవుట్ అనుమతి, నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఎఫ్‌టీఎల్ మ్యాపు. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

గ్రామసభలో నోటిమాట గాలికి పోతుంది. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిపై ‘అందినది’ అని ముద్ర వేయించుకోండి. దాన్నే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి తీసుకెళ్లండి. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్లాల్సి వస్తే, వివాదం మొదలైన నాటి నుంచి గడువు 6 నెలలే. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. మొదటి ట్రాక్టరు మట్టి పడిన తేదీ ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: 21 నిండాక సర్పంచిగా నిలబడమంటున్నారు. వార్డు మెంబరైతే ఏం చేయగలను?

జవాబు: 21 ఏళ్లు రెంటికీ సరిపోతాయి. పంచాయతీలో పార్టీ గుర్తులుండవు కాబట్టి కొత్తవారికి కాస్త వెసులుబాటే. అయితే సర్పంచి రిజర్వేషను మారుతుంటుంది, దాన్ని నమ్ముకుని ఏళ్ల తరబడి ఎదురుచూడటం దండగ. మా సలహా వార్డు మెంబరుగా నిలబడమనే. వార్డు మెంబర్లు తమలోంచే ఉపసర్పంచిని ఎన్నుకుంటారు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ చెక్కుమీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకమూ పడాలి. మీరు ఉపసర్పంచి అయితే చెరువు పనుల బిల్లు మీ చేతిమీదుగా వెళ్తుందంటే చిన్న సంగతి కాదు. గెలిచినా ఓడినా, ఫలితాలొచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇచ్చేయండి. మరిచిపోతే 3 ఏళ్లు పోటీకి అనర్హత.