కటాఫ్‌కు అటూ ఇటూ: ప్రతిభ, ప్రాతినిధ్యాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను ఏ రిజర్వేషనూ లేని అభ్యర్థిని. మూడేళ్లు చదివి రాసిన పోటీ పరీక్షలో ఓపెన్ కటాఫ్‌కు 1.33 మార్కుల దూరంలో ఆగిపోయాను. నాతో ఒకే గదిలో ఉండి, ఒకే కోచింగ్ సెంటర్‌లో చదివిన మిత్రుడికి నాకంటే తొమ్మిది మార్కులు తక్కువ వచ్చినా రిజర్వేషన్‌లో ఉద్యోగం వచ్చింది. అతని మీద నాకు కోపం లేదు. కానీ ప్రభుత్వమే ప్రతిభను పక్కన పెడితే కష్టపడి చదవడం దేనికి?

జవాబు: మీ బాధ నిజమైనది. చట్టంలోని నాలుగు అధికరణలు వల్లించి దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. రిజర్వేషన్లు లేకపోతే ఓపెన్ పోస్టులు పెరిగేవి, కటాఫ్ కొంత దిగేది, మీకు ఉద్యోగం వచ్చి ఉండేదేమో. ఈ మాట ఒప్పుకోకుండా రిజర్వేషన్లను సమర్థించేవారు సగం నిజమే చెబుతున్నారని నా అభిప్రాయం.

అయితే మీరు రాసిన 1.33 అనే అంకె దగ్గర కాసేపు ఆగుదాం. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో ఒక ప్రశ్నకు సరైన గడి నింపినవారికీ తప్పు గడి నింపినవారికీ మధ్య వచ్చే తేడా సరిగ్గా అంతే. ఒకరికి 1 కలుస్తుంది, మరొకరికి 0.33 పోతుంది. అంటే మీకూ కటాఫ్‌కూ మధ్య ఉన్నది ఓఎంఆర్ షీటు మీద ఒకే ఒక్క గడి. ఆ గడి సరిగ్గా నింపినంత మాత్రాన, మీకు పైన నిలిచిన ఓపెన్ అభ్యర్థి మీకంటే సమర్థుడైన ఉద్యోగి అవుతాడని మీరూ అనుకోరు, నేనూ అనుకోను. పోస్టులు వందల్లో, అభ్యర్థులు లక్షల్లో ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కాబట్టి గీస్తారు. ఇద్దరికి మార్కులు సమానంగా వస్తే సాధారణంగా పుట్టిన తేదీ చూసి వయసులో పెద్దవారిని ముందు నిలబెడతారు. అక్కడ ప్రతిభ ప్రస్తావనే రాదు, అయినా ఎవరూ ఆక్షేపించరు.

మార్కులకు విలువ లేదని నేననడం లేదు. ఉద్యోగానికి కావలసిన కనీస పరిజ్ఞానం ఉందో లేదో తేల్చడంలో పరీక్ష బాగానే పనికొస్తుంది. ఆ గీత దాటినవారిని ఒకరి వెనుక ఒకరిగా వరుసలో పెట్టేటప్పుడు మాత్రం తెలివితేటలతోపాటు కోచింగ్ ఫీజు, బడిలో చదివిన మాధ్యమం, సంపాదన లేకుండా మూడేళ్లు కూర్చుని చదవగలిగే వెసులుబాటు కూడా ఆ మార్కుల్లో కలిసిపోతాయి. నీట్ అఖిల భారత కోటాలో 27 శాతం ఓబీసీ రిజర్వేషన్‌ను సమర్థిస్తూ 2022 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన దాని సారాంశం కూడా ఇదే: పోటీ పరీక్ష ఫలితం ఒక్కటే ప్రతిభకు కొలమానం కాదు, ఆ ఫలితం వెనుక కుటుంబానికి ఉన్న సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక బలం కూడా ఉంటుంది.

మరి ఒకే గదిలో ఉండి చదివిన మీ మిత్రుడి సంగతేమిటి? ఈ వాదన అతని విషయంలో పూర్తిగా అతకకపోవచ్చు. కానీ రాజ్యాంగంలోని 16(4) అధికరణ వేసే ప్రశ్న మీ గురించీ కాదు, అతని గురించీ కాదు. ఒక వెనుకబడిన వర్గానికి ప్రభుత్వ సర్వీసుల్లో తగినంత ప్రాతినిధ్యం ఉందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. ప్రభుత్వోద్యోగమంటే నెల జీతం మాత్రమే కాదు, ఒక సంతకం కూడా. పట్టాదారు పేరు మార్చాలన్నా, కుల ధ్రువపత్రం ఇవ్వాలన్నా, స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలన్నా ఎవరో ఒకరు సంతకం చేయాలి. ఆ సంతకం తరతరాలుగా కొన్ని ఇళ్లకే పరిమితమైన చోట, మిగిలినవారు చేతులు కట్టుకుని గుమ్మం బయట నిలబడిన చరిత్ర మనకు ఉంది. అదే సమయంలో దీనికి హద్దు ఉండాలని అంబేడ్కరే అన్నారు. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, సమానావకాశ సూత్రం నిలవాలంటే రిజర్వు చేసే పోస్టులు అల్పసంఖ్యలోనే ఉండాలని ఆయన వివరించారు. 1992లో ఇందిరా సాహ్నీ తీర్పులో సుప్రీంకోర్టు 50 శాతం పరిమితి పెట్టినప్పుడు ఆ ప్రసంగాన్నే గుర్తు చేసుకుంది.

పని దెబ్బతింటుందన్న భయానికి ఊహతో కాక లెక్కతో జవాబు వెతికినవారు ఉన్నారు. ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వేల గణాంకాలు పరిశీలించారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగినందువల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి వారికి ఆధారం దొరకలేదు.

ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను. 1919 నాటి ముల్కీ నిబంధనల నుంచి 371‑డి అధికరణ దాకా, స్థానికులకే ఉద్యోగాలు కావాలని తెలుగువారు పోరాడినంతగా మరెవరైనా పోరాడారా అన్నది సందేహమే. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికులకు దక్కే వాటా 95 శాతం. పక్క జోన్ అభ్యర్థికి ఎక్కువ మార్కులు వచ్చాయి కాబట్టి పోస్టు అతనికే ఇవ్వాలని మన వీధుల్లో ఎవరైనా ధర్నా చేయగా నేను చూడలేదు. జిల్లా పేరుతో అడిగితే హక్కుగా కనిపించే ప్రాతినిధ్యం కులం పేరుతో అడిగేసరికి ప్రతిభకు ద్రోహంగా ఎందుకు మారుతుందో నాకు ఇప్పటికీ అంతు పట్టదు.

ప్రశ్న: నేను బీసీ‑బి మహిళను. ఓపెన్ కటాఫ్ కంటే ఎక్కువ మార్కులతో ఎంపికయ్యాను. అయినా ఆఫీసులో అందరూ నన్ను "కోటా క్యాండిడేట్" అనే అంటున్నారు. పైగా ఓసీ పోస్టు ఒకటి అన్యాయంగా లాక్కున్నానని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజం కాదు, పైగా రెండూ ఒకదానికొకటి పొసగవు. మన దగ్గర ఓసీ అంటే "అదర్ కాస్ట్స్" అనే అర్థం పాతుకుపోయింది గానీ, నోటిఫికేషన్‌లో ఆ రెండక్షరాలకు అర్థం ఓపెన్ కాంపిటీషన్. అది ఏ కులానికీ కేటాయించిన వాటా కాదు; మార్కులు తెచ్చుకున్న ప్రతి ఒక్కరికీ తెరిచి ఉన్న తలుపు. సొంత మార్కులతో ఆ తలుపు దాటిన బీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులను రిజర్వుడు పోస్టుల్లో లెక్కించకూడదని ఇందిరా సాహ్నీ తీర్పే స్పష్టం చేసింది. మహిళల కోటా వంటి, అన్ని కేటగిరీల్లోనూ అడ్డంగా వర్తించే హారిజాంటల్ రిజర్వేషన్‌కూ ఇదే వర్తిస్తుందని, ఓపెన్ మహిళా పోస్టు అంటే రిజర్వేషన్ లేని కులాల మహిళలకే చెందిన పోస్టు కాదని 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. వయోపరిమితి సడలింపు వంటి వెసులుబాటు వాడుకున్నవారిని ఓపెన్‌లో లెక్కించవద్దని కొన్ని నియామక నిబంధనలు చెబుతాయి. కాబట్టి మీ నోటిఫికేషన్‌లోని ఆ పేరా ఒకసారి చూసుకోండి. అందులో ఇబ్బంది లేకపోతే, ఏ పోస్టు ఏ కోటాలోదో చూపే పట్టిక అయిన రోస్టర్‌లో మీ పేరు ఓపెన్ పాయింట్ ఎదురుగానే ఉంటుంది.

ప్రశ్న: మా ఊరి సర్పంచి పదవి మహిళలకు రిజర్వయింది. గెలిచింది భార్య, కుర్చీలో కూర్చునేది భర్త. దీన్ని ప్రాతినిధ్యం అంటారా?

జవాబు: అనరు. అది ఆమె ఓటర్లకూ ఆమెకూ జరుగుతున్న మోసం. కానీ ఈ ఒక్క దృశ్యం చూసి మొత్తం ఏర్పాటును తీసిపారేయలేం. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ దాన్ని సగానికి పెంచాయి. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనం చూడండి. మహిళలకు కేటాయించిన పంచాయతీల్లో తాగునీరు వంటి, మహిళలే ఎక్కువగా అడిగే పనులపై ఖర్చు పెరిగినట్టు అందులో తేలింది. బిందె మోసేవారికే బోరు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఏ పరీక్షలోనూ మార్కులు రాని ప్రతిభ ఇది. నా ఫిర్యాదల్లా రొటేషన్ మీద. పని నేర్చుకుని, ఫైలు చదవడం అలవాటై, భర్తను కుర్చీ నుంచి లేపే ధైర్యం వచ్చేసరికి స్థానం కేటాయింపు మారిపోతుంది, ఆమె ఇంటికి వెళ్లిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు, ఇప్పుడు జీతం ఏడాదికి 9 లక్షలు. అమ్మ గృహిణి. మాకు వేరే ఆదాయం లేదు. మాది బీసీ కులం. నేను క్రీమీలేయర్ (బీసీల్లో రిజర్వేషన్ వర్తించని సంపన్న వర్గం) కిందికి వస్తానా? రాకపోయినా, నాలాంటివాడు రిజర్వేషన్ వాడుకోవడం న్యాయమేనా?

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు సులభం. 2017 నుంచి క్రీమీలేయర్ ఆదాయ పరిమితి 8 లక్షలుగా ఉంది గానీ ఆ లెక్కలో జీతాన్నీ వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. ప్రభుత్వోద్యోగుల పిల్లల విషయంలో తల్లిదండ్రుల హోదా చూస్తారు. గుమాస్తా స్థాయి ఉద్యోగి పిల్లలు క్రీమీలేయర్ కిందికి రారు.

రెండోది మీ మనస్సాక్షి అడిగిన ప్రశ్న, దానికి నా గౌరవం. ఫలాలు కొన్ని ఇళ్ల చుట్టూనే తిరుగుతున్నాయన్న ఫిర్యాదులో నిజం ఉంది. బీసీలను మన రాష్ట్రాల్లో ఎ, బి, సి, డి, ఇ గ్రూపులుగా విడదీసినది అందుకే. ఎస్సీల వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో అనుమతి ఇచ్చినదీ, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులుగా విభజించి అమలు చేస్తున్నదీ అందుకే. కానీ గుమాస్తా కొడుకు తప్పుకున్నంత మాత్రాన ఆ పోస్టు మీ కులంలోని కూలీ కొడుకుకే చేరుతుందన్న హామీ లేదు. మీ తర్వాతి మార్కులు ఉన్నవారికి చేరుతుంది. కాబట్టి ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు పెట్టండి, మీ శ్రమ అంతా ఓపెన్ కటాఫ్ దాటడం మీద పెట్టండి. దాటితే, పైన చెప్పిన సడలింపు మెలిక అడ్డు రాకపోతే, ఆ ధ్రువపత్రం ఫైలులో ఉన్నా మిమ్మల్ని ఓపెన్‌లోనే లెక్కిస్తారు, బీసీ పోస్టు మీ తర్వాతివారికి మిగులుతుంది.