అమ్మలూ, ముందు కింది ఊరికి వెళ్లు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చేల నీళ్లూ టౌను మురుగూ సముద్రానికి మోసే మన పెద్ద డ్రైను వెంబడి ఉన్న పంచాయతీలన్నిటినీ, టౌను మునిసిపాలిటీని కూడా ఒకచోట కూర్చోబెట్టి వానాకాలం మురుగు సంగతి తేల్చాలని నువ్వు తిరుగుతున్నావట. విన్నప్పటి నుంచి ఒకటే సంతోషం, దాని వెనకాలే టెన్షన్. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

ప్రతి పంచాయతీలో తీర్మానం చేయించు, కాపీలు నీ దగ్గర ఉంచుకో. డ్రైను మనది కాదు, జలవనరుల శాఖది, వాళ్లకు కాగితం పెట్టకుండా పొక్లెయిన్ దింపకు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది చెబుతాను. నేను ప్రెసిడెంటునైంది 1995లో, ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు ఇచ్చిన ఎన్నికల్లో. ఆ రోజుల్లోనే పై ఊళ్లు మూడు కలిసి డ్రైను బాగుచేయిస్తామని బయల్దేరాయి. మంచివాళ్లే, ఒక్క రూపాయి తిన్నవాళ్లు కాదు. కానీ కిందున్న మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. పని పైనుంచి మొదలుపెట్టారు. గుర్రపు డెక్క కోసి కొంత గట్టున వేశారు, కొంత నీళ్లలోనే వదిలేశారు, అది మెల్లగా కొట్టుకొచ్చి మా తూము దగ్గర చేరి అక్కడే మళ్లీ చిగురేసింది. తీసిన పూడికంతా గట్టు అంచునే పోసేశారు. అందులో ఏముందో నేను కర్రతో కదిపి చూశాను. నల్లటి బురద, దాన్నిండా పాల ప్యాకెట్లు, కోడి ఈకలు, మందు సీసాలు, ఎవరో పారేసిన ఇంజెక్షన్ సూదులు. ఇది ఇక్కడ ఉండకూడదు, లారీలకెత్తి తీసుకెళ్లండి అని కబురు పెడితే, "మీ ఊరి పని మీరు చూసుకోండమ్మా" అన్నారు.

జూన్ ఆఖర్లో ముసురు పట్టింది. గట్టు మీది బురద మళ్లీ డ్రైన్లోకే జారింది. పైన దారి సాఫీ అయింది కదా, టౌను నీళ్లు ఎప్పటికంటే జోరుగా దిగాయి, దిగి మా తూము దగ్గర డెక్కకు తన్ని నిలబడిపోయాయి. దానికి తోడు అమావాస్య, సముద్రం పోటు మీదుంది, డ్రైను లాగడం మానేసింది. నీళ్లు వెనక్కి తన్ని ఆకుమళ్లన్నీ ముంచేశాయి, తెల్లారేసరికి మంచినీళ్ల చెరువు గట్టు పల్లంగా ఉన్న చోటు నుంచి లోపలికి పొర్లుతున్నాయి. వారం తిరక్కుండా ఇంటికొకరికి వాంతులు, విరేచనాలు. నువ్వప్పుడు నెలల పిల్లవి, మీ అమ్మ పురిటికొచ్చి మా ఇంట్లోనే ఉంది. నీకు సెలైన్ పెడదామంటే నరం దొరకలేదు. కాంపౌండరు ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, చివరికి కాలు. ఆ రాత్రంతా నీ పాదం కదలకుండా నా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. నువ్వు మురుగునీళ్ల గురించి మాట్లాడుతున్నావంటే నాకు గొంతు పట్టేసింది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

మా కుర్రాళ్లు ఊరుకుంటారా, పలుగులు పట్టుకుని పై ఊరి వైపు గట్టు తెంపడానికి బయల్దేరారు. నేనూ మీ పెదనాన్నా అడ్డం నిలబడి ఆపాం. ఆ తర్వాత చాన్నాళ్లు రెండు ఊళ్ల మధ్య పెళ్లి పిలుపులు కూడా లేవు.

అందుకే చెబుతున్నాను, నీ మీటింగ్ టౌన్లో మునిసిపల్ హాల్లో పెట్టకు. మొట్టమొదట డ్రైను చివరి ఊరికి వెళ్లు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, డ్రైను సముద్రంలో కలిసే మొగ ఎప్పుడు పూడుతుందో, పోటు ఎంత దూరం ఎక్కుతుందో వాళ్లకు తెలిసినంత ఏ ఇంజినీరుకీ తెలియదు. పని కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి, కింద నుంచి పైకి. పూడిక ఎక్కడ పోస్తారో తేలకుండా ఒక్క బొచ్చె మట్టి కూడా తియ్యనివ్వకు. ఏప్రిల్లో సాగు కాలువలకు నీళ్లు ఆపేశాక మొదలుపెట్టి, జూన్లో నీళ్లు వదిలేలోపు ముగించాలి.

తొలకరిని తేలిగ్గా తీసుకోకు. ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న ఆయిలు, సంతలో చెత్త, కాలువల్లో ఎండిపోయిన మురుగు, అన్నీ మొదటి గట్టి వానకే కడుక్కుని వస్తాయి. కాబట్టి టౌను కాలువలు డ్రైన్లో కలిసే ప్రతి చోటా ఇనప జాలీ, దాని ముందు బురద దిగడానికి గుంట పెట్టించమను. జాలీ పెట్టడం తేలిక. వాన పడుతుండగా అర్ధరాత్రి దానికి పట్టిన చెత్త ఎవరు లాగుతారో ఆ మనిషి పేరు, ఫోన్ నెంబరు రాయించు. అది రాయకపోతే జాలీయే ఆనకట్ట అవుతుంది.

రొయ్యల చెరువుల వాళ్లను తిట్టడంతో మొదలుపెట్టకు. రొయ్యలు పట్టే రోజు చెరువు నీళ్లు డ్రైన్లోకి వదులుతారు, నిజమే. టౌను వదిలేదీ నిజమే. నాలుగు చోట్ల నీళ్లు పట్టించి పరీక్ష చేయించు, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లను పిలువు, కాగితం చేతిలో ఉంటే అరుపులు తగ్గుతాయి. వాన సూచన ఉన్న రోజు చెరువు ఖాళీ చెయ్యం అన్న ఒక్క మాట వాళ్ల దగ్గర తీసుకున్నా చాలు.

ఇంకో చిక్కుంది. ఎర్రకాలువనే చూడు. జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చి, నల్లజర్ల, నిడదవోలు చేలు ముంచి, కిందికొచ్చి యనమదుర్రు డ్రైనై భీమవరం మధ్యగా పోతుంది. ఒకప్పుడు ఇదంతా ఒకే జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక అవే నీళ్లు ఏలూరు, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, మూడు కలెక్టరాఫీసుల కిందకు వచ్చాయి. పైన వాన పడ్డ కబురు కిందికి సర్కారు కాగితంగా వచ్చేలోపు నీళ్లే వచ్చేస్తాయి. పంచాయతీ కార్యదర్శులందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టు, పై ఊరి వాళ్లు వాన పడగానే ఫొటో పెట్టాలి. ఇది ఎవరి అనుమతీ అక్కర్లేని పని, రేపే చెయ్యి.

డబ్బు దగ్గర మెత్తబడకు. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన దాంట్లో 60 శాతం పారిశుధ్యానికీ తాగునీటికీ మాత్రమే ఖర్చు పెట్టాలని ముడిపెట్టిన సొమ్మే, అది వాడారా లేదా అని ప్రతి ఊరి లెక్కా అడుగు. ఉమ్మడి ఖర్చు సమానంగా పంచుదాం అంటారు, ఒప్పుకోకు. ఎక్కువ మురుగు వదిలే టౌను ఎక్కువ పెట్టుకోవాలి, అందరి మురుగూ మోసే చివరి ఊరు తక్కువ పెట్టుకోవాలి. కోపం వస్తుంది నీకు, నాకు తెలుసు, నోరు జారకు. రాత్రిపూట గట్ల మీదకు ఒంటరిగా వెళ్లావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి నాలుగు తగిలిస్తాను. పాములుంటాయి, గట్లు జారతాయి, మనుషులు కూడా అందరూ ఒకేలా ఉండరు.

చివరి ఊరి ప్రెసిడెంటు గారి అత్తగారు నాకు బాగా తెలుసు. ఆదివారం కారు పంపించు, ఇద్దరం కలిసి వెళ్దాం. ఈలోపు మీ ఊరి మంచినీళ్ల చెరువు గట్టు చుట్టూ ఒకసారి నడిచి, ఎక్కడ పల్లంగా ఉందో చూసి మట్టి పోయించు. దానికి మీటింగ్ దాకా ఆగకు.

మీ పెద్దమ్మ