కత్తిరించడం వేరు, కుదించడం వేరు

సందేహం: బ్యాంకు ఉద్యోగానికి ఐబీపీఎస్ దరఖాస్తు నింపుతున్నాను. ఫొటో 200 x 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలట. పెయింట్‌లో ఆ అంకెలు కొడితే మొహం గుమ్మడికాయలా వస్తోంది. నెట్ సెంటర్‌కు వెళ్లకుండా ఇంట్లోనే చేసుకోవచ్చా సార్? – ఓ ఉద్యోగార్థి, ఒంగోలు

నిక్షేపంగా చేసుకోవచ్చు. మీరు కత్తిరించాల్సిన చోట కుదించారు, అంతే. క్రాప్ అంటే అంచులు కోసేయడం. రీసైజ్ అంటే ఉన్న బొమ్మనంతా చిన్నదో పెద్దదో చేయడం. స్టూడియోవాళ్లు ఇచ్చే పాస్‌పోర్టు ఫొటో వెడల్పు 3.5 సెంటీమీటర్లు, ఎత్తు 4.5. దాన్ని 200 పిక్సెళ్ల వెడల్పుకు తెస్తే ఎత్తు 257 వస్తుంది. వాళ్లు అడిగింది 230. మిగిలిన 27 పిక్సెళ్లను ఏం చేయాలో మీరు చెప్పలేదు కాబట్టి పెయింట్ నెత్తి మీద చెయ్యి పెట్టి అదిమేసింది.

ఈసారి ఇలా చేయండి. ఫొటోను పెయింట్‌లో తెరిచి, ముందు వేరే పేరుతో సేవ్ చేసుకోండి. కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే రీసైజ్ పెట్టె వస్తుంది. పిక్సెల్స్ ఎంచుకుని, వెడల్పు–ఎత్తుల నిష్పత్తి మారకుండా పట్టి ఉంచే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, వెడల్పు 200 అని కొట్టండి. ఎత్తు దానంతటదే 257 అవుతుంది. ఓకే చేసి, ఇప్పుడు కంట్రోల్, ఇ నొక్కండి. ఈ ప్రాపర్టీస్ పెట్టెలో ఎత్తు 257 తీసేసి 230 పెట్టండి. ఇది బొమ్మను అదమదు, కింద నుంచి కోసేస్తుంది. చొక్కా గుండీ ఒకటి పోతుందేమో, తల జోలికి మాత్రం రాదు.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. అందరికీ 50 కేబీ దాటుతుందేమోనని టెన్షన్. నిజానికి ఇంత చిన్న బొమ్మ చాలాసార్లు 20 కేబీ కంటే తగ్గిపోతుంది, అప్పుడూ సైటు ఒప్పుకోదు. జేపీజీగా సేవ్ చేసేటప్పుడు నాణ్యత ఎంత ఉండాలో పెయింట్ అడగదు. కానీ ఐబీపీఎస్ ప్రకటనలో ఆ పిక్సెళ్ల కొలత పక్కన 'ప్రిఫర్డ్' (అలా ఉంటే మంచిది) అని ఉంటుంది. కాబట్టి అదే నిష్పత్తిలో కాస్త పెంచి 260 x 299 చేసి చూడండి. లేదంటే అసలు ఫొటోను విండోస్ ఫొటోస్ యాప్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో రీసైజ్ ఇమేజ్‌కు వెళ్లండి. అక్కడ నాణ్యత మీటను జరుపుతుంటే ఫైలు ఎన్ని కేబీలవుతుందో సేవ్ చేయకముందే కనిపిస్తుంది.

సంతకానికి 140 x 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో చేయండి. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో చేస్తే ఒప్పుకోరు. కాగితమంతా ఫొటో తీసి అలాగే కుదిస్తే సంతకం దోమంత అవుతుంది. ముందు సంతకం చుట్టూ బిగువుగా క్రాప్ చేసి, తర్వాత కుదించండి.

వేరే పేరుతో సేవ్ చేయమని మొదటే ఎందుకన్నానంటే, మా అమ్మాయి అక్షరాభ్యాసం ఫొటోను 600 పిక్సెళ్లకు కుదించి, అలవాటు కొద్దీ కంట్రోల్-ఎస్ కొట్టి మూసేసిన ఘనుణ్ని నేనే. ఇప్పుడది అగ్గిపెట్టెంత ఉంది.

సందేహం: మ్యాక్‌లో పెయింట్ లేదు కదా, ఏదైనా కొనాలా? – ఓ పాఠకురాలు, హైదరాబాద్

అక్కర్లేదు. ఫొటో మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకునే ప్రివ్యూ చాలు. కావలసిన భాగం మీద మౌస్‌తో గడి గీసి కమాండ్, కె నొక్కితే క్రాప్ అవుతుంది. సైజు మార్చడానికి టూల్స్‌లో అడ్జస్ట్ సైజ్, కేబీలు తగ్గించడానికి ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్.

సందేహం: ఇల్లు అద్దెకు తీసుకుంటూ ఆధార్ ఫొటోను వర్డ్‌లో పెట్టి, నంబరు కనపడకుండా క్రాప్ చేసి ఓనర్‌కు పంపాను. అది మళ్లీ బయటికి తీయొచ్చని మా అబ్బాయి భయపెడుతున్నాడు. నిజమేనా? – ఓ రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

మీ అబ్బాయి చెప్పింది నిజం. వర్డ్‌లో క్రాప్ చేస్తే ఆ ముక్క తెగిపోదు, మడత పెట్టినట్టు దాగి ఉంటుంది. ఆ ఫైలు అందినవాళ్లు క్రాప్ గుర్తు నొక్కి అంచు లాగితే నంబరు బయటపడుతుంది. అది పోవాలంటే కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి, క్రాప్ చేసిన భాగాలను తొలగించే ఆప్షన్‌కు టిక్కు పెట్టి సేవ్ చేయాలి.

అసలైన క్రాప్ కూడా ఒకసారి మోసం చేసింది. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో క్రాప్ చేసి అదే ఫైలు మీద సేవ్ చేస్తే, పాత బొమ్మ తాలూకు డేటా ఫైలు చివర మిగిలిపోతోందని 2023లో బయటపడింది. పెద్ద పోస్టర్ మీద చిన్న పోస్టర్ అంటిస్తే కింద పాతది కనపడినట్టు. ఆ మార్చిలోనే మైక్రోసాఫ్ట్ సరిచేసింది.

మీరు పెయింట్‌లో నంబరు మీద నల్ల రంగు నిండిన గడి గీసి, జేపీజీగా సేవ్ చేసి పంపండి. పెయింట్‌లో జేపీజీ అయ్యాక కింద నంబరంటూ ఉండదు. బ్లర్ చేయడాన్ని, ఫోన్‌లో హైలైటర్‌తో రుద్దడాన్ని నేను నమ్మను. ఆ రుద్దినదాని వెనక అంకెలు ఫొటో వెలుతురు పెంచితే తేలిపోతాయి. క్యూఆర్ కోడ్‌ను కూడా కప్పేయండి. పేరు, చిరునామా, పుట్టిన తేదీ అందులో ఉంటాయి, పాత కార్డులైతే నంబరు కూడా. ఇదంతా ఎందుకనుకుంటే ఆధార్ సైటులో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. అందులో మొదటి 8 అంకెలు కనపడవు.

సందేహం: తాతయ్య సంవత్సరీకానికి పెద్ద ఫొటో కట్టించాలి. ఆయనకు విడిగా ఫొటో లేదు. పెళ్లి గ్రూప్ ఫొటోను ఫోన్‌తో తీసి, ఆయన మొహం వరకు క్రాప్ చేసి 12 x 18 ప్రింటు వేయిస్తే గళ్లుగళ్లుగా వచ్చింది. – ఓ మనవరాలు, నిజామాబాద్

12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే 4000 x 3000 చుక్కలు. అందులో ఇరవై మంది నిలబడితే తాతయ్య మొహానికి దక్కేది ఏ 300 చుక్కలో. చేతిలో పట్టుకుని చూసే మంచి ప్రింటుకు అంగుళానికి 300 కావాలి. అంటే ఆయన మొహం అంగుళం వరకే బాగుంటుంది. క్రాప్ చేస్తే తెర మీద పెద్దగా కనపడుతుంది గానీ చుక్కలు పెరగవు.

అసలు ఫొటోనే స్కానర్ మీద 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కలతో స్కాన్ చేయించండి. మొహం అరంగుళం ఉన్నా 600 చుక్కలు వస్తాయి. గోడకు తగిలించి దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 150 చాలు కాబట్టి, మొహం నాలుగంగుళాల వరకు రావచ్చు. 12 x 18 ఆశ వదులుకుని 8 x 10 చేయించండి. ఏఐతో పెంచితే నున్నగా వస్తుంది, కానీ లేని చుక్కలను అది ఊహించి నింపుతుంది. ఆ కళ్లు తాతయ్యవి కావని మీ నానమ్మ మొదటి చూపులోనే చెప్పేస్తుంది.

ఒకవేళ ఫొటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకకండి, మొహం మీది పొర అద్దంతో పాటు ఊడొస్తుంది. ఫ్రేము వెనక అట్ట తీసేసి, అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించమనండి.