వెబ్‌సైట్ సందేహాలు: అడ్డదారి ఎస్‌ఈఓ (గూగుల్ సెర్చ్‌లో సైటును పైకి తెచ్చే పని)లో ఏది పనికొస్తుంది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఏసీ రిపేర్ సర్వీసు నడుపుతున్నాం. ఏరియాకొకటి చొప్పున 150 పేజీలు చేసిపెడతామని ఒక ఏజెన్సీ అంటోంది. అలా చేస్తే గూగుల్ ఊరుకోదని ఇంకొకరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఒకే మేటర్ రాసి, అందులో ఏరియా పేరు మాత్రం మారుస్తూ పోతే వాటిని డోర్‌వే పేజీలంటారు. గూగుల్ స్పామ్ నిబంధనల్లో వీటికి ప్రత్యేకంగా చోటుంది. బీఎండబ్ల్యూ జర్మనీ సైటునే 2006లో ఈ కారణంగా సెర్చ్ ఫలితాల నుంచి తీసేశారు. అలాగని ఏరియా పేజీ పెట్టడమే తప్పు కాదు. అందులో ఆ ఏరియా వాళ్లకు పనికొచ్చే ముక్క ఏముందన్నదే లెక్క.

మీరే తేల్చుకోవచ్చు. మియాపూర్ పేజీలో ఆ పేరు తీసి మలక్‌పేట అని పెట్టి చదవండి. ఎక్కడా తేడా కొట్టకపోతే ఆ పేజీ అక్కర్లేదు.

ముందు గత ఆరు నెలల జాబ్ కార్డులు (ఒక్కో రిపేరుకు రాసుకున్న చీటీలు) తీయండి. పనులు ఎక్కువగా వచ్చిన ఐదారు ఏరియాలకే పేజీలు పెట్టండి. విజిటింగ్ చార్జీ, టెక్నీషియన్ ఎంతసేపట్లో వస్తాడు, ఆదివారం వస్తాడా రాడా అన్నవి ప్రతి పేజీలోనూ ఉండాలి. ఇక అసలు సరుకు జాబ్ కార్డుల్లోనే ఉంటుంది. పక్కన కట్టడాలు సాగుతున్న చోట దుమ్ము పట్టి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ మూసుకుపోతుంది, చల్లదనం తగ్గుతుంది. ఎత్తైన అపార్టుమెంట్లలో ఆ యూనిట్ బాల్కనీ బయట అంచు మీద ఉంటుంది. సేఫ్టీ బెల్టు, రెండో మనిషి కావాలి, చార్జీ మారుతుంది. ఈ సంగతి రాసి, మీ పనివాళ్లు తీసిన ఫొటో పెడితే అది నిజంగా ఆ ఏరియా పేజీ. ఇలాంటివి ఆరు రాయడానికే వారం పడుతుంది. 150 రాస్తామంటున్నారంటే ఏం రాస్తారో ఊహించుకోండి!

ఆ పేజీలకు హోమ్ పేజీ నుంచో మెనూ నుంచో దారి ఉండాలి. మనుషులకు కనిపించకుండా సైట్‌మ్యాప్‌లో (గూగుల్‌కిచ్చే పేజీల జాబితాలో) మాత్రమే ఉండే పేజీలు అనుమానం తెచ్చిపెడతాయి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్లో (గూగుల్ సెర్చ్, మ్యాప్స్‌లో కనిపించే మీ వ్యాపార వివరాల్లో) సర్వీస్ ఏరియాలు 20 వరకు ఇచ్చుకోవచ్చు. లేని ఆఫీసుకు అడ్రస్ పెట్టినా, బోర్డు మీది పేరుకు ‘బెస్ట్ ఏసీ రిపేర్’ అని తగిలించినా ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు.

ఇప్పటికే అలాంటి పేజీలు పెట్టేసి ఉంటే పనికిరాని వాటిని అసలు సర్వీస్ పేజీకి 301 రీడైరెక్ట్ చేయండి (అంటే శాశ్వతంగా మళ్లించండి), లేదా సెర్చ్‌లో చూపొద్దని గూగుల్‌కు చెప్పే నోఇండెక్స్ గుర్తు పెట్టండి. నోఇండెక్స్ పెట్టిన పేజీని రోబోట్స్ ఫైల్లో (ఏ పేజీలు తెరవొద్దో గూగుల్‌కు చెప్పే ఫైల్లో) బ్లాక్ చేయకండి. బ్లాక్ చేస్తే గూగుల్ ఆ పేజీని తెరవదు, నోఇండెక్స్ పెట్టారని దానికి తెలియదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ప్రశ్న: మాది తెలుగు వంటల సైటు. గడువు తీరిన పాత డొమైన్ (వెబ్ అడ్రస్) ఒకటి అమ్మకానికి వచ్చింది, దానికి బ్యాక్‌లింకులు (వేరే సైట్లు ఇచ్చిన లింకులు) చాలా ఉన్నాయి. కొని మా సైటుకు మళ్లిస్తే ర్యాంకు పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: పాత పేరుకున్న పరపతిని మాత్రం వాడుకుని సంబంధం లేని సరుకు పెట్టడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ జాబితాలో చేర్చింది. అదీ వంటల సైటే అయి, దాని పాఠకులకు మీ దగ్గర అదే సరుకు దొరికితే మాత్రం ఆలోచించవచ్చు.

డబ్బు కట్టే ముందు, సైట్ల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఏడాదికొక కాపీ చొప్పున తెరిచి చూడండి. మధ్యలో జూదం పేజీలు గానీ, జపనీస్ అక్షరాల షాపింగ్ పేజీలు గానీ కనిపిస్తే వదిలేయండి. కొన్నాక సైట్ల యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ టూల్‌లో చేర్చి మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ సిబ్బంది సైటు మీద తీసుకున్న చర్యలు) చూడండి. పాత యజమాని మీద పడ్డ చర్య డొమైన్‌తోపాటు మీకూ వస్తుంది.

మళ్లించేటప్పుడు పులిహోర పేజీని పులిహోర పేజీకే పంపాలి. అన్నింటినీ హోమ్ పేజీకి తోస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404 కింద, అంటే లేని పేజీల కింద లెక్కేయవచ్చు, అప్పుడు మీ డబ్బు వృథా. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచండి. పాత వ్యాసాలు వేబ్యాక్ నుంచి తీసి వేసుకోకండి. డొమైన్ కొన్నంత మాత్రాన వాటి మీద హక్కు మీకు రాదు.

నా మాట వింటే కొనకుండానే పని అవుతుంది. ఆ చచ్చిన పేజీలకు ఎవరెవరు లింకు ఇచ్చారో బ్యాక్‌లింక్ టూల్‌లో చూడండి. అదే అంశం మీద కొలతలు, ఫొటోలతో మీరు కొత్తగా రాసి, ఆ సైట్లవాళ్లకు మూడు లైన్ల మెయిల్ పెట్టండి: ఏ పేజీలో, ఏ లింకు పనిచేయడం లేదు, దాని బదులు మీదేమిటి. అంతే. జవాబు రాకపోతే వెంటపడొద్దు.

ప్రశ్న: డబ్బిచ్చి వేరే సైట్లలో వ్యాసాలు వేయించుకోవడం తప్పా?
– విజయవాడ నుంచి

జవాబు: ప్రకటనగా వేయించుకుంటే తప్పు లేదు. లింకు కోడ్‌లో రెల్ (లింకు ఎలాంటిదో చెప్పే చోటు) దగ్గర స్పాన్సర్డ్ అని ఉండాలి, వ్యాసం పైన ప్రకటన అని పాఠకుడికీ కనిపించాలి. ఈ స్పాన్సర్డ్ గుర్తును గూగుల్ 2019లో తెచ్చింది. దీనివల్ల ర్యాంకు పెరుగుతుందని ఆశపడకండి. చదివినవాళ్లు నొక్కి వస్తేనే లాభం. అందుకే పాఠకులున్న సైటుకే డబ్బివ్వండి. ఇక మీకు తెలియకుండా వచ్చిపడ్డ చెత్త లింకులను గూగుల్ చాలావరకు తనే పక్కన పెడుతుంది. మాన్యువల్ యాక్షన్ రానిదే డిసవౌ ఫైల్ (ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కిచ్చే జాబితా) జోలికి పోవద్దు, మంచి లింకులు కూడా పోవచ్చు.

ప్రశ్న: మా పాఠకులు ‘పెసరట్టు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతుకుతారు. ఆ మాటలు తెల్ల అక్షరాల్లో పేజీ కింద దాచి పెట్టొచ్చా?
– ఒంగోలు నుంచి

జవాబు: దాచొద్దు. అది హిడెన్ టెక్స్ట్, నిబంధనలకు విరుద్ధం. దాచాల్సిన అవసరమూ లేదు. ఇంగ్లీషు అక్షరాల పేరును టైటిల్‌లో తెలుగు పేరు పక్కనే ఒక్కసారి, మొదటి పేరాలో ఇంకోసారి అందరికీ కనిపించేలా రాయండి. నొక్కితే తెరుచుకునే ప్రశ్న-జవాబు పెట్టెలో ఉన్నా ఇబ్బంది లేదు, పాఠకుడు తెరిచి చదవగలడు కాబట్టి. పేజీ అడ్రస్ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. తెలుగులో పెడితే గూగుల్‌కేమీ అభ్యంతరం లేదు గానీ, కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టేసరికి శాతం గుర్తులతో రెండు మూడు లైన్లు సాగి, చూసినవాళ్లు నొక్కడానికి జంకుతారు.