తొడ ఎముక ఒక్కటి చూసి ‘పదేళ్ల ఆడపిల్ల’ అని చెప్పొచ్చా?

పాత బావిలో పూడిక తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయనీ, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గారు తొడ ఎముక ఒకటి చేతిలోకి తీసుకుని ‘ఇది పదేళ్ల ఆడపిల్లది’ అన్నారనీ, అలా చెప్పడం కుదురుతుందా అనీ అడిగారు.

కుదరదు. వయసు నిజంగా పదేళ్లే అయితే ఆడో మగో ఎముక ఆకారం చూసి ఎవరూ చెప్పలేరు. ఆకారం చూసే ఆడో మగో కచ్చితంగా తెలిసిందంటే అది పదేళ్ల పిల్లది కాదు. ఆ రెండు మాటలూ ఒకే నోట రాకూడదు.

పోలీసులు ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగానికి ఎముకలు పంపేటప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే వరుస: మనిషివా జంతువువా, ఒకరివా ఎక్కువమందివా, ఆడా మగా, వయసెంత. బల్ల మీద పనిలో మాత్రం చివరి రెండూ తిరగేసుకోవాలి, వయసు ముందు, లింగం తర్వాత. మొదట చూడాల్సింది ఎముక నడుమ భాగం కాదు, దాని చివరలు.

పొడవాటి ఎముకలు పిల్లల్లో ఒకే ముక్కగా ఉండవు. నడుమ కాడ, పైనా కిందా టోపీల్లాంటి చివరలు, మధ్యలో మెత్తటి మృదులాస్థి. మట్టిలో ఆ మృదులాస్థి కుళ్లిపోతుంది, టోపీలు ఊడిపోతాయి. మిగిలిన కాడ కొసలు గరుకుగా, అలలు అలలుగా కనిపిస్తాయి. ఎముక చిన్నదై, కొసలు నున్నగా, కీలు ఆకారంతో అతుక్కుని ఉంటే అది పిల్లది కాదు, ఎదిగిన చిన్న జంతువుది. మేక, కుక్క, పంది ఎముకలు ‘పసిపిల్లవి’గా స్టేషన్‌దాకా వెళ్లేది ఇక్కడే. పదేళ్ల పిల్లల తొడ ఎముక 30 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, మేకది సుమారు 20. టేపు పెట్టి చూసినా సగం అనుమానం తీరుతుంది.

మేక, గొర్రె కాళ్లలో గిట్టకు పైనుండే ఎముకను చూడండి, కింది కొసన రెండు కప్పీలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది. పాయా తిన్నవాళ్లకి పరిచయమే. మనిషిలో అలాంటి ఎముక లేదు. ఆవు, గేదె, గుర్రాల్లో ముంజేతి ఎముకలు రెండూ అతుక్కుపోయి ఉంటాయి, మనలో విడివిడిగా ఉంటాయి. పుర్రె దొరికితే వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం ఎక్కడుందో చూడాలి: మనిషికి అడుగున, నాలుగు కాళ్ల జంతువుకు వెనక వైపు. ముక్కలే మిగిలితే పని కష్టం. విరిగిన చోట గోడ మందం చూస్తారు, మొత్తం వ్యాసంలో నాలుగో వంతు మనిషికీ, మూడో వంతు జంతువుకీ అని లెక్క. ఇది సూచనే, తీర్పు కాదు. మైక్రోస్కోపు కింద ఇటుకల గోడలా పేర్చినట్టు కనిపిస్తే ఆవు, పంది వంటివాటిదని అనుమానించవచ్చు. కుక్క ఎముక మాత్రం అక్కడ కూడా మనిషి ఎముకలాగే మోసం చేయగలదు. చర్మం, గోళ్లు పోయిన ఎలుగుబంటి పాదం ఇంకా గడుసుది, అచ్చం మనిషి పాదమే. ఉద్దానం లాంటి ఎలుగులు తిరిగే చోట్ల ఇది గుర్తుండాలి. దాని పాదంలో పెద్ద వేలు బయటి వైపుకి ఉంటుంది.

ఎంతమందివి అన్నది త్వరగానే తేలుతుంది. ఒకే వైపు ఎముక రెండుసార్లు వస్తే, అంటే రెండు ఎడమ తొడ ఎముకలుంటే, ఇద్దరు. ఒకటి ఎదిగిందీ ఒకటి ఎదగనిదీ అయినా ఇద్దరే.

వయసు విషయంలో, 25 లోపు చెప్పడం తేలిక, ఆ పైన కష్టం. 6 ఏళ్లకి మొదటి పెద్ద దవడ పన్ను, 12కి రెండోది, 17–25 మధ్య జ్ఞానదంతం. పన్ను బయటికొచ్చాక కూడా వేరు కొస మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి ఎక్స్‌రే తీస్తే ఇంకా దగ్గరగా చెప్పొచ్చు. తుంటి ఎముక మూడు ముక్కలుగా పుడుతుంది. అవి కీలు గిన్నెలో కలవడం 13–16 ఏళ్ల చుట్టూ. మోచేతి చివరలు ముందు అతుక్కుంటాయి, మణికట్టు తర్వాత, తుంటి పై అంచు 18–20 ప్రాంతంలో. అన్నిటికన్నా వెనక కాలర్ బోన్ లోపలి కొస, 20 దాటాక. కొందరిలో ముప్పై దగ్గరపడే దాకా సాగుతుంది. ఆడపిల్లల్లో ఇవన్నీ ఏడాది రెండేళ్లు ముందే జరుగుతాయి.

ఎదుగుదల ఆగాక మిగిలేది అరుగుదలే. కటి, అంటే నడుం కింది ఎముకల గూడు, దాని ముందు భాగంలో రెండు ఎముకలు కలిసే తలం చూడాలి. కుర్రతనంలో దున్నిన చాళ్లలా ఉంటుంది, తర్వాత చదునై, అంచు కట్టి, చివరకి గుంటలు పడుతుంది. 1990లో వచ్చిన సూచీ–బ్రూక్స్ పద్ధతి దీన్ని ఆరు దశలు చేసింది. అందులో నాలుగో దశకు మగవాళ్లలో సగటు 35, పరిధి 23 నుంచి 57. ఆడవాళ్లలో 26 నుంచి 70! ఇది తెలిసీ ‘35 ఏళ్లు’ అని ఒక్క అంకె రాసిచ్చే రిపోర్టును నమ్మలేం. పుర్రె అతుకులు చూసి వయసు చెప్పడం మన దగ్గర ఇంకా నడుస్తోంది. నా దృష్టిలో దాన్ని వేరే ఆధారానికి తోడుగా వాడాలి తప్ప ఒంటరిగా కాదు.

పెద్దవాళ్లదని తేలాకే ఆడా మగా. పాతికేళ్ల లోపు మగవాళ్ల పుర్రె నుదురు నున్నగా ఆడవాళ్లదిలా కనిపించవచ్చు. వయసు మళ్లిన స్త్రీల పుర్రె కాస్త మగ పోలికలకు దిగుతుంది. అందుకే వయసు ముందు అన్నాను. కటి అంత మోసం చేయదు. అది ఒక్కటే దొరికినా సుమారు 95 శాతం, పుర్రె ఒక్కటైతే 90 ప్రాంతం, పొడవాటి ఎముకలైతే 80 అని పాఠ్యపుస్తకాలు చెప్పే అంకెలు. కటి ముందు కింది కోణం మగవాళ్లలో చూపుడు వేలు, మధ్య వేలు చాపినంత, ఆడవాళ్లలో బొటనవేలు, చూపుడు వేలు చాపినంత. వెనక ఉండే పెద్ద గంటులో బొటనవేలు పెట్టి అటూ ఇటూ ఆడితే ఆడ, బిగిస్తే మగ. తొడ ఎముక తల 47.5 మిల్లీమీటర్లు దాటితే మగ, 42.5కి తగ్గితే ఆడ అనే కొలత అమెరికా ఎముకల మీద కట్టింది. మనవాళ్ల ఎముకలు చిన్నవి, ఆ గీత ఇక్కడ పెడితే చాలామంది మగవాళ్లు ఆడ లెక్కలో పడతారు.

పిల్లల ఎముకైతే దారి డీఎన్ఏ ఒక్కటే. దవడ పన్ను గానీ, తొడ ఎముక నడుమ ముక్క గానీ మంచివి. తెల్లగా కాలిన ఎముకలో డీఎన్ఏ దాదాపు మిగలదు. పైగా కుంచించుకుపోతుంది కాబట్టి కొలతలూ పనికిరావు.

ఇక మీ బావి. ఎముకల్ని కడగొద్దు, ఉడికించొద్దు, బ్లీచింగ్ అసలే వద్దు. పోలీసులకు చెప్పి, ఇంకేమీ కదపకుండా ఆపండి. ఊడిన టోపీలూ, ఒంటి వేరు ముందు పళ్లూ పూడిక మట్టిలోనే ఉంటాయి. శెనగ్గింజంత ముక్క వయసు తేల్చేస్తుంది. ఆ మట్టిని పారబోయకుండా పక్కన పోయించి, రెండు మూడు మిల్లీమీటర్ల జల్లెడతో జల్లించమని వచ్చినవాళ్లని అడగండి. అన్నీ ఒకే గోనెసంచిలో వేస్తే మొదట విరిగేది కటి ముందు ముక్కే, అంటే వయసుకీ లింగానికీ ఎక్కువ పనికొచ్చేదే. తడి ఎముకను ప్లాస్టిక్ కవర్లో కడితే రెండు రోజుల్లో బూజు పడుతుంది. నీడన ఆరనిచ్చి, ఒక్కోటీ విడిగా కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టాలి.