బీబీసీ మైక్రోలో ‘నో క్లాక్’: తప్పు కంప్యూటర్‌ది కాకపోవచ్చు

1980ల నాటి మీ బీబీసీ మైక్రో కంప్యూటర్‌ని ఎకోనెట్‌కి (ఆ కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్) తగిలించి కేబుల్ మార్చినా, ఆన్ చేయగానే స్టేషన్ నంబరు (నెట్‌వర్క్‌లో మీ మెషిన్ నంబరు) పక్కన ‘నో క్లాక్’ అనే వస్తోందన్నారు కదండీ. అప్పుడే మెషిన్ విప్పకండి, దాని ఎకోనెట్ చిప్ స్పందిస్తోంది కాబట్టే ఆ మాట చెప్పగలుగుతోంది.

ఎకోనెట్‌లో డేటాకి ఒక జత తీగలు, క్లాక్‌కి (డేటా వేగాన్ని నడిపించే టైమింగ్ సిగ్నల్) ఇంకో జత, ఐదోది గ్రౌండ్. ఆ క్లాక్ మామూలుగా ఏ కంప్యూటరూ ఇవ్వదు, లైన్ మీద విడిగా ఒక క్లాక్ బాక్స్ ఉండాలి. ముందు దానికి కరెంటు అందుతోందా చూడండి. తర్వాత మల్టీమీటర్‌తో ఐదు పిన్నులూ అటూ ఇటూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో పరీక్షించండి. పాత డిన్ ప్లగ్గుల్లో (ఈ కేబుల్‌కి ఉండే గుండ్రటి ఐదు పిన్నుల ప్లగ్గులు) టంకం ఊడిపోవడం మామూలే. లైన్ రెండు చివరలా టెర్మినేటర్లు (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపేవి) తప్పనిసరి.

క్లాక్ వచ్చాక ‘నాట్ లిజనింగ్’ అని వస్తే, ఫైళ్లు ఇచ్చే సర్వర్ నంబరు మెషిన్ మామూలుగా వెతికే 254 కాదేమో, ‘స్టార్ ఎఫ్ఎస్’ (*FS) కమాండ్‌తో అసలు నంబరు ఇవ్వండి. ఏమొచ్చిందో ఇక్కడే రాయండి, చూద్దాం.